బెంగళూరు నుంచి వెళ్లి నీటికుక్కల ఫొటోలు తీయడం ఎలా?

నీటికుక్క (ఆటర్) ఫొటో కావాలంటే ముందు వెతకాల్సింది దాని బండని. ఏ నదిలో ఉన్నా ఈ కుటుంబాలకి ఖాయమైన అడ్డాలు కొన్ని ఉంటాయి. ఒళ్లు ఆరబెట్టుకునే చోటు ఒకటి, పెద్ద చేప దొరికితే పట్టుకొచ్చి తినే చోటు ఒకటి, గుంపంతా కలిసి రెట్ట వేసే చోటు ఒకటి. చాలాసార్లు ఈ మూడూ ఒకే బండ మీదో, పక్కపక్క బండల మీదో ఉంటాయి. అది దొరికితే సగానికి పైగా పని అయిపోయినట్టే. అది తెలియకుండా లెన్స్ భుజాన వేసుకుని ఒడ్డంతా తిరిగితే, మీరు చూసేలోపే అవి మిమ్మల్ని చూసి మునిగిపోతాయి.

యూట్యూబ్‌లో ఈ విషయం మీద దొరికే పాఠాలు ఎక్కువగా స్కాట్లాండ్ దీవులవి, షెట్లాండ్, మల్ లాంటి చోట్లవి. అక్కడ సముద్రపు ఒడ్డున తిరిగేది యురేషియన్ ఆటర్. అది ఎక్కువగా ఒంటరిగా వేటాడుతుంది. అందుకే వాళ్ల చిట్కా ఏమిటంటే, అది మునగగానే నాలుగడుగులు ముందుకి పరిగెత్తు, తేలగానే రాయిలా ఆగిపో. మన కావేరిలో, తుంగభద్రలో ఉండేది వేరే జాతి, స్మూత్-కోటెడ్ ఆటర్. ఇది కుటుంబంతో కలిసి తిరుగుతుంది. నాలుగు మునిగితే ఐదోది తల పైకెత్తి చూస్తూ ఉంటుంది. అందుకే ఆ పరుగు చిట్కా ఇక్కడ పనికిరాదు. ఇక్కడ పనికొచ్చేది ముందే వెళ్లి కూర్చోవడం ఒక్కటే.

ఆసియాలోని పెద్ద నీటికుక్కల్లో ఈ జాతి ఒకటి. 7 నుంచి 11 కిలోల దాకా తూగుతుంది, తోక చివర కాస్త బల్లపరుపుగా ఉంటుంది. పగటిపూట బయటికొస్తుంది కాబట్టి ఫొటోగ్రాఫర్లకి అనుకూలం. కొడగు, చిక్కమగళూరు వాగుల్లో ఉండే చిన్న జాతి ఎక్కువగా రాత్రిళ్లు తిరుగుతుంది. మొదట్లో దాని జోలికి పోకండి, టెన్షన్ తప్ప ఫొటో మిగలదు.

ఎక్కడికి, ఎప్పుడు

మొదటిసారి అయితే కళ్లు మూసుకుని రంగనతిట్టుకి వెళ్లండి. శ్రీరంగపట్నం పక్కనే, బెంగళూరు నుంచి దాదాపు 130 కి.మీ. కావేరి మధ్యలో చిన్న చిన్న లంకలు, వాటి చుట్టూ బండలు. 1940లో పక్షుల కోసం కేటాయించిన చోటు ఇది, 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి కూడా ఎక్కింది. అందరూ కొంగల కోసం వెళ్తారు. నీటికుక్కలు అదే బండల మీద ఎండ కాచుకుంటూ కనిపిస్తాయి. ఇక్కడ ఒడ్డు వెంట నడిచి వెతకడం కుదరదు, అటవీ శాఖ పడవలోనే వెళ్లాలి. పది మంది ఎక్కే మామూలు పడవ చకచకా తిప్పి తీసుకొచ్చేస్తుంది. కెమెరావాళ్ల కోసం విడిగా పడవ ఇస్తారా అని కౌంటర్ దగ్గర అడగండి, ఖర్చు ఎక్కువైనా అదే నయం. పడవ నడిపే ఆయన్ని ‘నీరునాయి ఎల్లి కాణిసుత్తె, అణ్ణా?’ అని కన్నడంలో అడిగితే చాలు, ఆ రోజు ఏ బండ మీద ఉన్నాయో చెప్పేస్తారు. తెల్లవారకముందే గేటు తెరవరు కాబట్టి మొదటి పడవ అందుకునేలా బయల్దేరండి. దారిలో బిడది తట్టె ఇడ్లీకి ఆగారంటే మొదటి పడవ పోయినట్టే, దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. బైక్ మీద వెళ్లేవాళ్లు కొత్త ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కకూడదు, 2023 ఆగస్టు నుంచి దాని మీద బైకులు నిషేధం. సర్వీస్ రోడ్డు సమయం కూడా లెక్కలో వేసుకోండి.

రెండోది కావేరి అభయారణ్యం. భీమేశ్వరి, గాలిబోరె దగ్గర నది ఒడ్డునే కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్ల క్యాంపులున్నాయి. రాత్రి అక్కడే ఉంటారు కాబట్టి తెల్లవారు వెలుగు మీ చేతిలో ఉంటుంది. ఏనుగులు నీళ్లకి వచ్చే దారులు అవి, క్యాంపు గైడ్ లేకుండా ఒడ్డున అడుగు పెట్టొద్దు. ఆ దగ్గర్లోనే ఉన్న ముత్తత్తిని మాత్రం ఈ పనికి వదిలేయండి. వారాంతం జనం, పాటలు, ఈతలు. పైగా నీళ్లు పైకి నెమ్మదిగా కనిపించి లోపల లాగేసే చోటు అది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది తుంగభద్ర. 2015లో కర్ణాటక ప్రభుత్వం ముద్లాపుర నుంచి కంప్లి వరకు 34 కి.మీ. నదిని నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మన దేశంలో వీటి కోసమే ప్రకటించిన మొదటి ప్రాంతం ఇది. హంపి, ఆనెగొంది ఈ పరిధిలోకే వస్తాయి. శుక్రవారం రాత్రి బెంగళూరులో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున హొసపేటలో దిగుతారు. అనంతపురం, గుంతకల్లు వాళ్లకి ఈ రైలు గురించి నేను చెప్పక్కర్లేదు. శనివారం పొద్దుటి వెలుగు ప్రయాణంలోనే పోతుంది. దానికి బాధపడొద్దు. ఆ పగలంతా బండ వెతకడానికి, సాయంత్రం అదే బండని దూరం నుంచి గమనించడానికి, ఆదివారం తెల్లవారుజాము ఫొటోలకి పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.

సంక్రాంతికి కాకినాడ వైపు ఊరెళ్లేవాళ్లకి కోరింగ మడ అడవుల్లోనూ ఇదే జాతి ఉంది. అక్కడ వెలుగు కంటే ముందు ఆటుపోట్లు చూసుకోవాలి. నీళ్లు తీసినప్పుడే బురద గట్లు బయటపడతాయి.

కాలం విషయానికొస్తే డిసెంబర్ నుంచి మే వరకు. వానాకాలంలో కృష్ణరాజసాగర గేట్లు ఎత్తితే రంగనతిట్టులో పడవలే ఆపేస్తారు, బండలు మునిగిపోతాయి. డిసెంబర్, జనవరిలో వెలుగు మెత్తగా ఉంటుంది, పిల్లలతో తిరిగే గుంపులు కనపడే అవకాశమూ ఉంది. మార్చి తర్వాత నీళ్లు తగ్గి చేపలు మడుగుల్లోకి చేరతాయి, వాటి వెంటే ఇవీ చేరతాయి. కానీ అప్పటికి నల్లరాయి పొద్దున్నే కాలడం మొదలుపెడుతుంది. దాని సంగతి కింద చెప్తాను.

ఏం పట్టుకెళ్లాలి

కనీసం 400 ఎంఎం లెన్స్. 150-600 లేదా 200-600 జూమ్ అయితే హాయి. కొనక్కర్లేదు, బెంగళూరులో వారాంతానికి అద్దెకి తేలిగ్గా దొరుకుతాయి. బాగా జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరాతో కూడా గుర్తుండిపోయే ఫొటో తీయొచ్చు. ఫోన్‌తో మాత్రం కాదు.

ట్రైపాడ్ ఇంట్లో పెట్టేయండి. పడవలో అది అడ్డం, బండ మీద అది ఎత్తు. ఒక బీన్ బ్యాగ్ చాలు. పాత జీన్స్ ప్యాంటు కాలు జానెడు ముక్క కత్తిరించి, రెండు వైపులా కుట్టి, లోపల జిప్ కవర్లో బియ్యం పోసుకోండి. కవర్ లేకుండా పోస్తే తడిసి ఉబ్బిపోతుంది. పడవలో మీ పక్క అంచు మీద, బండ మీద లెన్స్ కింద, రెండు చోట్లా పనికొస్తుంది.

బట్టలు మట్టిరంగువి, ఫుల్ చేతులవి. సెంటు, ఘాటు వాసన దోమల క్రీము వద్దు, వీటి ముక్కు చాలా చురుకు. ఒక పాత చాప లేదా యోగా మ్యాట్ ముక్క, నీళ్లు, టోపీ, కెమెరాకి వాటర్‌ప్రూఫ్ సంచి. పుట్టి ఎక్కేట్టయితే లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. పుట్టి గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అందులోంచి ఫొటో తీయాలంటే నడిపే ఆయన్ని ఏదో ఒక రాయికి ఆనించి పట్టుకోమనండి. లేచి నిలబడొద్దు.

బండని చదవడం

నీళ్ల అంచు నుంచి కాస్త ఎత్తులో, ఒకవైపు ఏటవాలుగా దిగి, పక్కన ఇసుక గానీ గడ్డి గానీ ఉన్న బండలు చూడండి. మధ్యాహ్నం, అవి లేని సమయంలో వెళ్లండి.

రెట్ట కనిపిస్తే వంగి చూడండి. ఎవరైనా చూస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి. తాజాది నల్లగా, జిగటగా ఉంటుంది. అందులో చేప పొలుసులు అభ్రకంలా మెరుస్తుంటాయి, చేపల మార్కెట్ వాసన దూరం నుంచే తగులుతుంది. పాతబడేకొద్దీ బూడిద రంగుకి తిరిగి, చివరికి ముల్లూ పొలుసూ మాత్రమే పొడిపొడిగా మిగులుతాయి. ఎండ్రకాయ పెంకు ముక్కలు కూడా ఉండొచ్చు. ఒకే బండ మీద తాజాది, నిన్నటిది, ఎప్పటిదో ఎండినది, మూడూ కనిపించాయంటే అది రోజూ వాడే అడ్డా. ఎండినవి మాత్రమే ఉంటే గుంపు వేరేచోటికి మారిందని, ఇంకో బండ చూసుకోండి.

పక్కన తడి ఇసుక ఉంటే అడుగులు చూడండి. కుక్క అడుగులో నాలుగు వేళ్లు పడతాయి. నీటికుక్కకి ఐదు, వేళ్ల మధ్య పొర ఆనవాలు కూడా మెత్తటి బురదలో తెలుస్తుంది. తోక ఈడ్చిన గీత ఉండొచ్చు. ఇసుక చిందరవందరగా నలిగి ఉంటే అక్కడే దొర్లి ఒళ్లు ఆరబెట్టుకున్నాయని అర్థం.

చేపలు పట్టేవాళ్లని అడిగితే ఇదంతా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కానీ అడిగే తీరు ముఖ్యం. ఈ జంతువులు వలలు చింపి వాళ్ల చేపలు తింటాయి. ‘అబ్బా, ఎంత ముద్దుగా ఉంటాయో’ అని మొదలుపెడితే ఆయనకి ఒళ్లు మండుతుంది. ముందు ఆయన వల సంగతి, ఆ వారం చేపలు పడ్డాయా లేదా అడగండి. నీటికుక్కల మాట ఆయనే ఎత్తుతారు. ‘తోలి తీసుకొస్తాను, డబ్బులివ్వండి’ అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు, వాళ్లకి మర్యాదగా వద్దని చెప్పండి.

బండల పగులు లోపలో, వేళ్ల కిందో గూడు లాంటి బొరియ, దాని ముందు తాజా అడుగులు కనిపిస్తే అక్కడ కూర్చోవద్దు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి. ఫొటో తీసే చోటు తినే బండ దగ్గరే, ఇంటి గుమ్మం దగ్గర కాదు.

ఎక్కడ కూర్చోవాలి

మూడు విషయాలు కుదరాలి. గాలి బండ మీంచి మీ వైపు వీచాలి. పొద్దుటి సూర్యుడు మీ వెనకో పక్కనో ఉండాలి. మీ వెనక ఆకాశం కాకుండా రాయో పొదో ఉండాలి, లేకపోతే మీ తల ఆకారం దూరానికే తెలిసిపోతుంది. మూడూ కుదరకపోతే వెలుగుని వదులుకోండి, గాలిని వదులుకోవద్దు.

దూరం ఇంత అని గీత గీయలేం. కాలినడకన వెళ్లి కూర్చునేవాళ్లకి, వీలైతే మధ్యలో నీటి పాయ ఉండేలా, అవతలి ఒడ్డు మంచిది. రోజూ పడవలు చూసే రంగనతిట్టు గుంపులు పడవని పట్టించుకోవు. అదే గుంపు ఒడ్డున నడిచే మనిషిని చూస్తే మాయమవుతుంది.

ఇక ఎత్తు. నీళ్ల మట్టం నుంచి తీసిన ఫొటో అందం నిజమే, కానీ మొసలికి అనుకూలమైన మట్టం కూడా అదే. రంగనతిట్టులో, కావేరిలో, తుంగభద్రలో మొసళ్లున్నాయి. నీళ్ల అంచున బోర్లా పడుకోవడం వద్దు. అంచు నుంచి బాగా వెనక్కి, మొసలి తేలిగ్గా ఎక్కలేనంత నిటారు బండ మీద చాప పరిచి పడుకోండి. దూరం పెరిగేకొద్దీ లెన్స్ కోణం ఎలాగూ చదునవుతుంది, తేడా పెద్దగా తెలియదు. పైన ఆనకట్ట నుంచి నీళ్లు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. అందుకే నది మధ్య బండ మీదికి దాటి వెళ్లి కూర్చోవద్దు.

హంపిలో అయితే ఆదివారం చీకటి ఉండగానే చేరి, వెలుగు రాకముందే కదలడం ఆపేయాలి. ఇంకో మాట. హంపి కుక్కలకి దారిలో బిస్కెట్ వేశారా, అవి మీ వెంటే బండ దాకా వస్తాయి. ఆ రోజు పని అంతే సంగతులు.

కూర్చున్నాక

ముందు వినండి. విడిపోయిన పిల్లలు, తల్లి ఒకదాన్నొకటి పిలుచుకునే సన్నటి ఈల, పిట్ట కూత లాంటిది, కంటికి కనపడకముందే వినిపిస్తుంది. తర్వాత నీటి మీద బాణం మొన ఆకారంలో గీతలు. దూరానికి నీటికాకి కూడా అలాగే ఈదుతుంది, కానీ దానికి సన్నటి మెడ నిలువుగా ఉంటుంది. నీటికుక్క తల చదునుగా, నీటికి అంటుకుని ఉంటుంది. రెండు బుడిపెలు మాత్రమే తేలి, కదలకుండా ఉంటే అది మొసలి. గట్టు మీద ఉన్న తెల్లకొంగలు ఉన్నట్టుండి ఒకే వైపు నడుస్తుంటే ఆ వైపు నీళ్లు చూడండి.

అవి వచ్చే ముందే ఎక్స్‌పోజర్ పని ముగించాలి. బండ ముందే తెలుసు కాబట్టి ఇది సులువు. మాన్యువల్ మోడ్‌లో ఆ బండ మీదే టెస్ట్ షాట్ తీసి, హిస్టోగ్రామ్ (కెమెరా చూపించే వెలుగు గ్రాఫ్) కుడి అంచుని తాకకుండా చూసుకోండి. వెలుగు మారేకొద్దీ ఐఎస్ఓ ఒక్కటే తిప్పుతూ ఉండండి. ఆటోకి వదిలేస్తే వెనక మెరిసే నీళ్లు చూసి కెమెరా కంగారుపడి, తడిసిన నల్లటి జంతువుని బొగ్గు ముద్దలా చేస్తుంది.

షట్టర్ వేగం 1/2000 దగ్గర మొదలుపెట్టండి, నిద్రపోతుంటే 1/500కి తగ్గించుకోవచ్చు. ఐఎస్ఓ 3200 వరకు భయపడకండి. ఎపర్చర్ విషయంలో చిన్న లెక్క. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 600 ఎంఎం దగ్గర, 20 మీటర్ల దూరంలో, ఎఫ్/6.3 పెడితే స్పష్టంగా వచ్చే లోతు అర మీటరు కూడా ఉండదు. ఒక్కటే ఉంటే అది చాలు. కుటుంబం వరసగా కూర్చుంటే ఎఫ్/8కి వెళ్లినా అందరూ స్పష్టంగా రారు, కాబట్టి దగ్గరున్నదాని కన్ను పట్టుకోండి. ఫోకస్ కంటిన్యుయస్‌లో, చిన్న జోన్‌తో. కన్ను గుర్తుపట్టే ఆటోఫోకస్ తడి తలల మీద తరచూ తడబడి మీసాల మీద ఆగిపోతుంది. సైలెంట్ షట్టర్ ఉంటే పెట్టేయండి, ఆ టకటక చప్పుడుకి తలలన్నీ ఒకేసారి లేస్తాయి.

ఇప్పుడు అసలు క్షణాలు. ముందు కాళ్లు బండని తాకగానే బరస్ట్ (వరస షాట్లు) మొదలుపెట్టండి, ఒళ్లు విదిలించడం ఆ వెంటనే వస్తుంది. తల దగ్గర మొదలై, మెడ, వీపు మీదుగా తోక చివరిదాకా అల సాగుతుంది, నీళ్లు చక్రంలా చిమ్ముతాయి. ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది. సూర్యుడు ఎదురుగా ఉంటే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించండి, తుంపర్లు మెరుస్తాయి. విదిలించాక మెడ ఇసుకకి రుద్దుకుని, వెల్లకిలా పడి దొర్లుతాయి. ఆ బొచ్చులో నిలిచే గాలి పొరే వాటికి చలి నుంచి రక్షణ, అందుకే ఒంటి సంరక్షణకి అంత సమయం ఇస్తాయి. మీకూ అంతే సమయం దొరుకుతుంది.

చిన్న చేపల్ని నీళ్లలోనే నమిలేస్తాయి. పెద్దది దొరికితేనే ఒడ్డుకి. నోట్లో అడ్డంగా చేపతో ఒకటి నేరుగా బండ వైపు ఈదుకొస్తుంటే ఫోకస్ దాన్ని వదలకండి. ముందు పాదాల మధ్య చేపని బిగించి, ఎక్కువగా తల వైపు నుంచి మొదలుపెడుతుంది. ముల్లు విరిగే చప్పుడు మీ దాకా వినిపిస్తుంది. నమిలేటప్పుడు కళ్లు సగం మూతలు పడతాయి, కాబట్టి గుటక వేయడానికి తల ఎత్తినప్పుడు తీయండి. కంట్లో వెలుగు చుక్క పడేది అప్పుడే.

తొమ్మిది దాటాక, వేసవిలో ఇంకా ముందే, బండల మీంచి వేడి గాలి లేచి దూరపు ఫొటోలన్నీ నీళ్లలో కదిలినట్టు వస్తాయి. లెన్స్ చెడిపోయిందనుకుని కంగారుపడొద్దు, సెట్టింగులతో అది పోదు. కెమెరా మూసేసి, అవి వెళ్లేదాకా కదలకుండా కూర్చోండి.

ఎప్పుడు ఆపాలి

ఒకటి తల ఎత్తి మిమ్మల్ని చూసి మళ్లీ తినడంలో పడితే పర్వాలేదు. రెండు మూడు వెనక కాళ్ల మీద లేచి ఒకేసారి చూస్తుంటే, ముక్కుతో బుస్సుమని శబ్దం చేస్తుంటే, తల్లి పిల్లని మెడ పట్టి ఎత్తుకుంటుంటే మీరు అప్పటికే హద్దు దాటారు. లెన్స్ దించి తల వంచుకోండి. పడవలో ఉంటే వెనక్కి పొమ్మని చెప్పండి, నడిపే ఆయన ‘ఇంకా దగ్గరికి పోదాం సార్’ అన్నా సరే. చేపలు ఎర వేయడం, ఈల వేసి పిలవడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువు.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో నల్లటి భాగాల్ని మరీ తేల్చకండి, తడి బొచ్చు బూడిద రంగుకి తిరిగి బొమ్మలా కనిపిస్తుంది. ఫొటో పెట్టేముందు ఫైల్లోంచి లొకేషన్ తీసేయండి, నది పేరు వరకు రాస్తే చాలు. వీటిని పెంపుడు జంతువులుగా అమ్ముకునే వ్యాపారం పెరగడం వల్లే 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఈ జాతిని చేర్చారు. బండ ఫొటో వెనక గుడి గోపురమో వంతెనో పడితే లొకేషన్ తీసేసినా లాభం లేదు, దాన్ని క్రాప్ చేయండి. ఎవరైనా మెసేజ్ పెట్టి సరిగ్గా ఎక్కడ అని అడిగితే రంగనతిట్టు మొదటి పడవ గురించి చెప్పండి.